కలెక్టరు గారూ, నా దరఖాస్తు కాంట్రాక్టరుకు ఎలా చేరింది?

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి నమస్కారాలు.

మా ఊరి చెరువు కట్టకు, తూముకు చేసిన మరమ్మతుల అంచనా పత్రం, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), చెల్లించిన బిల్లుల నకళ్లు కావాలని సమాచార హక్కు చట్టం కింద నేను దరఖాస్తు పెట్టి పదకొండు నెలలు నిండాయి. ప్రజావాణిలో మూడుసార్లు స్వయంగా మీకే అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ మీరు సంతకం చేసి సంబంధిత శాఖకు పంపారు. అక్కడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సమాచారం ఇవ్వడానికి చట్టం పెట్టిన 30 రోజుల గడువు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆలస్యాన్ని ఓర్చుకోగలను, రైతుకు ఎదురుచూపు కొత్త కాదు. ఓర్చుకోలేనిది మరొకటి ఉంది.

దరఖాస్తు ఇచ్చిన నాలుగో రోజు సాయంత్రం ఆ పని చేసిన కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. నేను అప్పటికింకా పొలంలోనే ఉన్నాను. నా దరఖాస్తు ఫొటో, సంతకంతో, ఫోను నంబరుతో సహా, వాళ్ల ఫోనులో ఉంది. దాన్ని నా భార్యకు చూపించి, "పెద్దాయనకు ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, కాస్త చెప్పండి" అని వెళ్లారు. తిట్టలేదు, చేయి ఎత్తలేదు. అయినా ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. ఇప్పటికీ నేను చీకటి పడేలోగా ఇల్లు చేరకపోతే ఆమె బావి దగ్గరికి మనిషిని పంపుతుంది. ఆ కాగితాన్ని నేను కార్యాలయంలో తప్ప ఇంకెక్కడా ఇవ్వలేదు. రసీదు నా దగ్గర ఉంది. మరి అది బయటికి ఎలా వెళ్లింది?

సమాచారం ఎందుకని దరఖాస్తుదారును అడగకూడదని 6(2) సెక్షన్ చెబుతోంది. అధికారి అడగకూడని ఆ ప్రశ్నను కాంట్రాక్టరు మనుషులు మా గడపలో నిలబడి అడిగారు. మూడో పక్షం, అంటే ఇక్కడ కాంట్రాక్టరు, అభిప్రాయం కావాలంటే 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగా నోటీసు ఇస్తారు. అందుకు నా ఇంటి చిరునామా, నా ఫోను నంబరు ఎందుకు కావలసి వచ్చాయి?

యాభై రెండో రోజున జవాబు వచ్చింది. బిల్లులు కాంట్రాక్టరు "వ్యక్తిగత సమాచారం" కనుక ఇవ్వలేమట! ఆ కాగితం చదివినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ప్రజల డబ్బుతో కట్టిన కట్ట లెక్క రహస్యమైంది, నా ఇంటి చిరునామా మాత్రం కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే 8(1)(జె) సెక్షన్‌ను మార్చిన మాట నిజమే. కానీ ప్రజాప్రయోజనం ఎక్కువగా ఉన్నప్పుడు సమాచారం ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ చెక్కుచెదరలేదు. నీళ్లు తూము సందుల్లోంచి కారిపోయి చివరి మడులు ఎండుతుంటే, ఆ మరమ్మతు లెక్కలో ప్రజాప్రయోజనం లేదని ఎవరు తేల్చారు? ఎం-బుక్కు గురించి ఆ జవాబులో ఒక్క ముక్క లేదు.

మొదటి అప్పీలులో అధికారి నా మాట మర్యాదగా విన్నారు. 15 రోజుల్లో సమాచారం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వును ఎవరూ లెక్కచేయలేదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేసే అధికారం సమాచార కమిషన్‌కే ఉంది, మొదటి అప్పీలు అధికారికి లేదు. ఆ సంగతి కింది ఉద్యోగులకు బాగా తెలుసు. కమిషన్‌కు రెండో అప్పీలు పంపాను. దాన్ని ఇన్ని రోజుల్లో తేల్చాలని చట్టంలో గడువే లేదు. మన తెలంగాణ రాష్ట్ర కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరు కూడా లేకుండా ఖాళీగా ఉండిపోయింది. నా వంతు ఎప్పుడు వస్తుందో, అప్పటికి కట్ట నిలుస్తుందో లేదో!

అయ్యా, ఇవన్నీ మీ చేతిలో లేవని నాకు తెలుసు. కానీ మీ జిల్లాలో మొదటి అప్పీలు ఉత్తర్వును ఎందుకు అమలు చేయలేదని అడగడం మీ చేతిలో ఉంది. నా దరఖాస్తును బయటపెట్టింది ఎవరో విచారించడం మీ చేతిలో ఉంది. దయచేసి ఆ పని చేయండి. ఎం-బుక్కు నకలు ఇప్పించండి. గడువు దాటింది కనుక 7(6) సెక్షన్ ప్రకారం ఉచితంగానే ఇవ్వాలి. అయినా పేజీకి రెండు రూపాయలు కట్టమంటే అదీ కడతాను, కాగితం వస్తే చాలు.

ఇంకొక్క విన్నపం. అడగకముందే వివరాలు బయటపెట్టాలని 4వ సెక్షన్ 2005 నుంచీ చెబుతోంది. పని పేరు, మంజూరైన మొత్తం, కొలతలు, చెల్లించిన బిల్లు ఆ కట్ట మీదే బోర్డు పెట్టి రాయించండి. అప్పుడు మా ఊళ్లో ఎవరూ తన పేరు, ఫోను నంబరు రాసిచ్చి అడగనక్కర్లేదు.

నా పేరు, దరఖాస్తు నంబరు మీ ప్రజావాణి రిజిస్టరులో ఉన్నాయి. వచ్చే సోమవారం మళ్లీ వస్తున్నాను. ఈసారి నా భార్య కూడా వస్తానంటోంది. ఆ సాయంత్రం ఏం జరిగిందో ఆమే మీకు చెబుతుంది.

ఇట్లు,
చెరువు ఆయకట్టు రైతు