రాగి గింజతో పాటు గడ్డినీ తూచండి

కర్ణాటక వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి యలహంకలో ఉంటున్నాను. మా అమ్మ బాగేపల్లి తాలూకాలో రెండెకరాల మెట్టలో రాగి పండిస్తుంది. మా ఇంట్లో మాట తెలుగు, బడి కన్నడ. అమ్మ బడికి పోలేదు.

పోయిన కార్తీకంలో తనను నగరంలో జరిగిన ఒక వ్యవసాయ మేళాకు తీసుకెళ్లాను. కొత్త రాగి రకాల దగ్గర ఆగిపోయింది. ఒక వెన్ను అరచేతిలో నలిపి, పొట్టు ఊది, నాలుగు గింజలు పంటికింద వేసుకుంది. నచ్చినట్టే ఉంది. అక్కడున్న అబ్బాయిని, "గడ్డి ఎంతొస్తుంది నాయనా?" అని అడిగింది. అతనికి తెలుగు సగమే అర్థమైంది. నేను కన్నడలో మళ్లీ అడిగితే బోర్డు వైపు చూశాడు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు, ఎన్ని రోజులకు కోత, ఏ తెగులుకు తట్టుకుంటుంది, అన్నీ రాశారు. గడ్డి సంగతి మాత్రం లేదు. కనుక్కుని చెప్తానని మర్యాదగానే నంబర్ రాసుకున్నాడు. ఫోన్ రాలేదు.

అమ్మ విత్తనం కొనకుండానే బస్సెక్కింది. "ఆవులకేం పెట్టాలి మరి?" అంది.

మంత్రిగారూ, మాకు రెండు ఆవులున్నాయి. పాలబిల్లు వస్తేనే నెల గడుస్తుంది. వాన మొహం చాటేసిన ఏడు గింజ చేతికి రాకపోయినా, గడ్డి ఉంటే ఆవులు నిలబడతాయి. అందుకే మా వైపు ఆడవాళ్లు రకం మార్చే ముందు గడ్డివామి ఎంత ఎత్తు లేస్తుందో చూస్తారు. విత్తనం తయారుచేసేవాళ్ల చెవిన ఈ మాట పడాలని ఈ ఉత్తరం.

యూనివర్సిటీల మేలు మేం మరిచిపోలేదు. రాగి శాస్త్రవేత్త లక్ష్మణయ్య గారు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు తెచ్చారు. ఇండియా, ఆఫ్రికా కలిస్తేనే ఆ పేరు. అగ్గితెగులును తట్టుకునే జీపీయూ-28 రకం బెంగళూరు వ్యవసాయ యూనివర్సిటీ ఉన్న జీకేవీకే నుంచే వచ్చింది. అయితే పొలంలో పుట్టే తెలివి కూడా ఉంటుంది. హావేరి జిల్లా రైతులు రాగి నాటే గుళి పద్ధతినే చూడండి. గుంతల్లో ఎడంగా నాటి, మొక్క కాస్త ఎదిగాక కొరడు అనే కొయ్యను చేను మీదుగా లాగుతారు. వంగిన మొక్క ఎక్కువ పిలకలు వేస్తుంది. ఈ పద్ధతిని ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ కొందరు రైతులు వాడుతున్నారు.

రైతుల పొలాల్లో కొత్త రకాలు వేసి చూపించడం కృషి విజ్ఞాన కేంద్రాల పనే. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, శ్రీనివాసపుర తాలూకాల్లో అలా వేసిన చేలు కోసేరోజు ఊరి ఆడవాళ్లను పిలిపించండి. గింజతో పాటు గడ్డినీ వాళ్ల ముందే తూచి, ఆ లెక్క తెలుగులో నోటితో చెప్పించండి. ఆ రకం మా నేలలో సరిగా రాకపోతే అదీ దాచకుండా చెప్పాలి. మేం తట్టుకోగలం, ముందే తెలిస్తే.

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది పిల్లలు కొన్ని నెలలు పల్లెల్లో ఉండి నేర్చుకుంటారు కదా. మా వైపు తెలుగు వచ్చినవాళ్లను పంపండి. వాళ్లు రైతుల ప్రశ్నలు రాసుకెళ్లి, జూలైలో రాగి చల్లేలోపు జవాబులు తేవాలి. అమ్మ అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

అమ్మతో ఈ ఉత్తరం సంగతి చెప్పాను. మీవాళ్లు వస్తే రోడ్డు పక్క ఐదు గుంటల నేల ఇస్తానంది. దాని పక్కనే తన పాత విత్తనం చల్లుతుందట, రెండూ ఒకే రోజు కోసి తూచడానికి.

ఇట్లు,
బాగేపల్లి తాలూకా రైతు కూతురు,
యలహంక, బెంగళూరు