ఫోన్ సెన్సార్ చాలదు, చిన్న యాక్సిలరోమీటర్ల మీద మన కాలేజీలు పని చెయ్యాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పల్నాడులో బోరు ఎండిపోతే గానీ నీళ్లు తగ్గాయని రైతుకి తెలీదు, కానీ ఆకాశంలోంచి భూగర్భ జలాల్ని తూచే పద్ధతి 2002 నుంచే ఉందండి. నాసా, జర్మనీ వాళ్లు వదిలిన గ్రేస్ జంట శాటిలైట్లు ఒకదాని వెనక ఒకటి 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి, కింద బరువెక్కువున్న చోటు రాగానే ముందున్నదాన్ని అది కాస్త ఎక్కువ లాగుద్ది, మధ్య దూరం మారుద్ది, దాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కొలుస్తారు. భూమిలో నీళ్లు తగ్గితే బరువూ తగ్గుద్ది, ఆ లాగుడూ తగ్గుద్ది. రాజస్థాన్, పంజాబ్, హర్యానాలో 2002-2008 మధ్య 109 ఘనపు కిలోమీటర్ల నీళ్లు పోయాయని తేలింది ఇలాగే.

ఈమధ్య విజయవాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ ఎక్స్‌పోలో ఒకమ్మాయి ఫోన్ని బల్ల మీద పెట్టి యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పుని పసిగట్టే సెన్సార్) రీడింగ్ చూపించింది, భూమి గ్రావిటీ విలువ 9.8 దగ్గర నిలబడింది, బయట లారీ పోతే చివరి అంకెలు గిలగిల్లాడాయి. దీన్ని శాటిలైట్లో పెడితే గ్రావిటీ కొలవచ్చా సార్ అనడిగింది. నాకు భలే నచ్చింది ఆ ప్రశ్న.

నేరుగా కొలవలేం. కక్ష్యలో శాటిలైటూ సెన్సారూ కలిసే పడుతుంటాయి కాబట్టి గ్రావిటీ దానికి తెలీదు, తెలిసేదల్లా పల్చటి గాలి రాపిడి, ఎండ తోపుడు. జంట మధ్య దూరంలో వాటివల్ల వచ్చిన తేడా తీసేస్తేనే గ్రావిటీ లెక్క మిగులుద్ది, అందుకే యాక్సిలరోమీటర్ లేకపోతే అంతా వృథా. గ్రేస్‌లో అయితే 4 సెంటీమీటర్ల లోహపు ముక్కని దేనికీ తగలకుండా కరెంటు బలంతో మధ్యలో నిలిపి ఉంచారు. 2018లో వెళ్లిన రెండో జంటలో ఒకదాని యాక్సిలరోమీటర్ పాడైతే రెండోదాని రీడింగే సవరించి వాడుకోవాల్సొచ్చింది.

ఇబ్బందేంటంటే గ్రేస్ చూపు సుమారు 300 కిలోమీటర్ల వెడల్పు, పల్నాడు ఒక్కటీ విడిగా కనపడదు, మ్యాప్ నెలకోసారే వస్తుంది, ఒక్కో శాటిలైటూ దాదాపు 500 కిలోలు. చిన్నవి ఎక్కువ పంపితే మ్యాప్‌లు త్వరత్వరగా వస్తాయి, కానీ ఫోన్ చిప్ నాయిస్ (రీడింగ్‌లో ఉత్తుత్తి గిలగిల) గ్రేస్ దానికన్నా లక్షల రెట్లు ఎక్కువ, పైగా వేడికి రీడింగ్ అసలు విలువ నుంచి పక్కకి జరిగిపోతుంది. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు గ్రేస్ రకం యాక్సిలరోమీటర్ని చిన్నది చేసే పనిలో ఉన్నారు.

మన గుంటూరు, విజయవాడ కాలేజీల్లో స్టూడెంట్ శాటిలైట్ అంటే కెమెరానే. మేనేజ్‌మెంట్లు ఒక వాక్యూమ్ ఛాంబర్ (గాలి తీసేసిన పెట్టె) పెట్టించి, చిప్ రీడింగ్ వేడికి ఎంత పక్కకి జరుగుతుందో పిల్లల చేత కొలిపించండి, ఆ అమ్మాయి లాంటి వాళ్లకి అదే మంచి ఫైనలియర్ ప్రాజెక్టు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు