పాత ‘సెవెన్’ రోడ్డు గురించి రహదారుల అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది అనంతపురం. ఇరవై ఏళ్లుగా యలహంకలో ఉంటున్నాం. నాన్న లారీ డ్రైవరు. బెంగళూరు నుంచి మా ఊరు వెళ్లే దారి ఆయన నోట ఇప్పటికీ ‘సెవెన్’ రోడ్డే. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా ఉండే ఎన్‌హెచ్ 7 అది. 2010లో నంబర్లు మార్చినప్పుడు మన వైపు భాగం శ్రీనగర్ నుంచి వచ్చే 44లో కలిసిపోయింది.

నంబరు పోతే పోయింది, దారి కూడా పోతోందనే నా బాధ. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం ఊళ్లలోంచి వెళ్లిన పాత రోడ్డుకు ఢోకా లేదు. బైపాస్‌లు వచ్చాక అది ఊరి వీధైంది, బీబీ రోడ్డుగా, అంటే బెంగళూరు-బళ్లారి రోడ్డుగా బతుకుతోంది. చిక్కంతా ఊళ్ల బయట వంపుల దగ్గరే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మలుపును సరిచేస్తారు, పాత మలుపు విల్లులా పక్కన మిగిలిపోతుంది.

మొన్న బాగేపల్లి వైపు అలాంటి ముక్క మీద బండి ఆపాను. పగిలిన తారులో గడ్డి, అటూ ఇటూ చింతచెట్లు. మైలురాయి సగం మట్టిలో ఉంది. నెత్తిన పసుపు రంగు పెచ్చులు ఇంకా ఉన్నాయి (జాతీయ రహదారికి పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ, మీకు తెలియనిదా!). దాని మీద ఎవరో టీ గ్లాసులు బోర్లించారు. పక్కనే కూల్చిన ఇళ్ల చెత్త, టిప్పర్ల కొద్దీ.

ఈ ముక్కలను సర్వే చేయించి రికార్డుల్లోకి ఎక్కించండి. రాళ్లను పీకకుండా ఉన్నచోటే నిలబెట్టి రంగు వేయించండి. చెత్త బళ్లు రాకుండా అడ్డంగా రెండు బండలు పాతిస్తే చాలు. చోటు చూపించడానికి ఏ ఆదివారమైనా వస్తాను. నాన్న కూడా వస్తానన్నారు.

ఇట్లు,
యలహంక నుంచి ఒక తెలుగువాడు