తలుపుకి తెల్లరంగు వేసే ముందు ఇది చదువు

హైదరాబాద్
డిసెంబరు 14

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది, తెలుసు. తిట్టాలనుకున్నవన్నీ సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకేసారి తిట్టు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు అలాగే ఉంది, చిన్నదానికి పరీక్షలు. ఇంతే విశేషాలు. అసలు సంగతి, జనవరిలో మీ పాత టేకు తలుపులకి, కిటికీలకి, షోకేసుకి తెల్లరంగు వేయిస్తానన్నావే, అది.

నిన్న మీ నల్లకుంట ఇంటి తాళం తీశాను. మధ్య గది తలుపు వెనక మీ పెయింటర్ ‘శాంపిల్’ అని తెల్ల ఎనామిల్ రెండు కోట్లు కొట్టి పోయాడు కదా, నీళ్లలో కలిపే రకం. తెలుపెక్కడిదిరా! నిండా టీ డికాషన్ చుక్కలు. ముడుల చుట్టూ గుండ్రంగా, కింది అంచున చారలుగా. వాడు నీకు ఫోన్‌లో ‘ఇంకో కోటు కొడితే కప్పేస్తది సార్’ అన్నాడట. కప్పదు. పది కోట్లు కొట్టినా కప్పదు. టేకులో ఉండే టానిన్ అనే మరక పెట్టే పదార్థం, మీ నాన్నగారి కాలంలో పాలిష్‌లో కలిపిన రంగు పొడి, రెండూ నీళ్లకి కరిగి, రంగు ఆరుతున్నప్పుడు నీటితోపాటు పైకొస్తాయి. ప్రతి కొత్త కోటూ వాటికి మళ్లీ నీళ్లు తాగించడమే.

పాత పాలిష్ ఏదో తెలిస్తే గానీ పని మొదలుపెట్టకూడదు. దూదిని మెథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచి తలుపు మూల అర నిమిషం అదిమి పట్టాను. జిగటగా అంటుకుంది, దూది గోధుమరంగుకి తిరిగింది. అంటే చపడా పాలిష్, లక్కతో చేసింది. మెలమైన్ అనే రకం పాలిష్ అయితే స్పిరిట్‌కి చలించదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ అనే ఇంకో రకం అయితే తిన్నర్‌కి కరుగుతుంది. నీది లక్కే కావడంలో ఒక తలనొప్పి ఉంది. ఆగు, చెప్తాను.

ముందు కడుగు. తలుపు పిడి చుట్టూ చేతి జిడ్డు, వంటింటి వైపు నూనె పొగ. వాషింగ్ సోడా రెండు చెంచాలు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి, బాగా పిండిన గుడ్డతో తుడువు. తర్వాత మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు. నీళ్లు కారనివ్వకు, లక్క తెల్లబడుతుంది. ద్వారబంధం కింద పసుపు రాసిన చోట సోడా తగిలితే ఎర్రగా కుంకుమలా మారుతుంది, పరేషాన్ కాకు, పసుపు గుణమే అది. ఆ పసుపు స్పిరిట్‌లోనూ కరుగుతుంది, కాబట్టి అక్కడ లక్క పూస్తే పచ్చగా పైకి లాగుతుంది. నా మాట విని గడప జోలికి పోకు. రంగేస్తే మీ అమ్మగారు నిన్నూ నన్నూ కలిపి గడప దాటనివ్వరు.

ఆరాక 150 నంబరు ఎమ్రీ (గరుకు కాగితం)తో రుద్దు, తర్వాత 220. చెక్క బయటపడక్కర్లేదు, మెరుపు పోయి మసకబారితే చాలు. రంగుకి పట్టు అక్కడే దొరుకుతుంది. మెషిన్ వద్దు, వేడికి లక్క కరిగి ఎమ్రీకి ముద్దలా అంటుతుంది. షోకేసు మాత్రం టేకు కాదురా, పైన వెనీర్, అంటే అతికించిన పల్చటి చెక్క పొర. మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అంచుల దగ్గర రెండు రుద్దులు ఎక్కువైతే లోపలి ప్లైవుడ్ కనిపిస్తుంది. దానికి 220 ఒక్కటే. కిటికీలకి పాత ఎనామిల్ ఉంది, వాటిని పొడిగా రుద్దకు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు, అవి అంతకు చాలా ముందువి. తడి ఎమ్రీతో రుద్దు, మాస్కు పెట్టుకో, పిల్లల్ని ఆ రోజు అత్తయ్య వాళ్లింటికి పంపు.

ఇప్పుడు అసలు మందు. కిందనుంచి వచ్చే మరకకి మళ్లీ లక్కే అడ్డుకట్ట. రాణీగంజ్‌లో చపడా రేకులు, స్పిరిట్ దొరుకుతాయి. 100 గ్రాముల చపడాకి 400 మిల్లీలీటర్ల స్పిరిట్. గాజు సీసాలో కలుపు, ఇనప డబ్బాలో వద్దు, నల్లబడుతుంది. రాత్రంతా నానితే కరుగుతుంది. కానీ వెంటనే వాడకు, రెండు మూడు రోజులు కదపకుండా ఉంచు. లక్కలోని మైనం తెల్లటి మడ్డిగా అడుగున దిగుతుంది. పైన తేరుకున్నది మాత్రం వంచుకో. మైనంతో సహా పూస్తే పైన ఎనామిల్ పట్టదు, ఆర్నెల్లకి గోటితో గీరితే పొరగా లేస్తుంది.

తలనొప్పి అన్నది ఇదే: కింద ఉన్నదీ లక్కే కదా, కొత్త స్పిరిట్ తగలగానే పాతది కరిగి దాని రంగు కూడా పైకొస్తుంది. అందుకని మొదటి కోటు పలచగా, కుంచెని ఒక్కసారే లాగాలి. వెనక్కి తిప్పి మళ్లీ రుద్దావా, గోధుమరంగు చారలే. గంటలో ఆరుతుంది. 320తో పైపైన రుద్ది రెండో కోటు. ఒక్కో తలుపు రెండు వైపులా, ద్వారబంధంతో కలిపి 65 చదరపు అడుగులు వేసుకో, రెండు కోట్లకి లీటరు పైచిలుకు పడుతుంది. కిటికీలు తెరిచే ఉంచు. దేవుడి గదిలో దీపం, వంటింట్లో స్టవ్ ఆర్పకుండా సీసా మూత తీయకు. వానాకాలంలో అయితే గాలి తేమకి లక్క పాలలా తెల్లబడేది, జనవరి కాబట్టి ఆ బెంగ లేదు.

లప్పం రెండు లక్క కోట్ల మధ్యలో పెట్టు. టేకు గీతలు నిండకపోతే తెలుపు కింద నుంచి కనిపిస్తూనే ఉంటాయి. (కొందరికి ఆ గీతలే ఇష్టం, నాక్కూడా. నీ ఇష్టం.) మీవాడు సంచిలో తెచ్చిన గోడ లప్పం మాత్రం చెక్కకి వాడనివ్వకు. అది సిమెంటుది, చెక్క ఉబ్బి కుంచించుకుంటే పగులుతుంది. చెక్క లప్పమే అడుగు. రెండో లక్క కోటు ఆరాక దానిపైన ప్రైమర్, తెల్లది. గులాబీరంగుది అంటగడతారు, తెలుపు కింద అది తొంగి చూస్తుంది.

చివరి రెండు కోట్లు నీళ్లలో కలిపే ఎనామిలే వేయి. అడ్డుకట్ట పడ్డాక ఇక దానికి భయం లేదు. నూనె ఎనామిల్ అయితే వెలుతురు తగలని చోట, అల్మరా లోపల, తలుపు వెనక, ఏడాదిలో పసుపెక్కుతుంది. కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసినంతసేపు ఆగు. చేత్తో ముడితే ఆరినట్టే ఉంటుంది గానీ గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందాకా తలుపు గట్టిగా మూస్తే ద్వారబంధానికి అతుక్కుని, లాగినప్పుడు రంగు ఊడొస్తుంది. అంచులకి కాస్త కొవ్వొత్తి రుద్దు. అన్నట్టు ఇన్ని కోట్లతో తలుపు మందం పెరుగుతుంది, జూన్‌లో చెక్క ఉబ్బినప్పుడు బిగుసుకుంటుంది, అందుకని ఇప్పుడే అంచుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉందో లేదో…

గీజర్ బాగుచేసే అతను వచ్చాడు, గంట కొడుతున్నాడు. బందుల సంగతి రాయనేలేదు! వాటిమీద రంగు పడనివ్వకు, స్క్రూలు విప్పి తలుపు దించి పడుకోబెట్టే వేయి, ఏ బందు ఎక్కడిదో టేపు మీద రాసి పెట్టుకో.

ఉంటా,
నీ రఘు