టిబిలిసిలో మా అమ్మాయికి అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

మిత్రులకు, పెద్దలకు నమస్కారం.

జార్జియా దేశ రాజధాని టిబిలిసిలో వైద్యవిద్య చదువుతున్న మా పెద్దమ్మాయి ఈ చలికాలంలో వీధికుక్కల దాడికి గురైంది. ఇప్పుడు పూర్తిగా కోలుకొని, హనుమకొండలో మా ఇంట్లోనే ఉంది. రేబిస్ టీకాల్లో చివరిది మొన్ననే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో వేయించాము. ఆ ఒక్కటీ పూర్తయ్యేవరకు ఎవరికీ ఏమీ రాయకూడదనుకొని ఇన్నాళ్లు ఆగాను. అక్కడా ఇక్కడా మాకు తోడ్పడిన వారిలో కొందరు తమ పేర్లు బయటపెట్టవద్దని కోరారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. అయితే వారు ఏం చేశారో మాత్రం వివరంగా రాయాలని ఉంది. ఏ గంటలో ఏది చేయాలో అది తెలిసి, ఆలస్యం చేయకుండా చేసినందువల్లనే ఈ రోజు మేము నిశ్చింతగా ఉన్నాము.

టిబిలిసిలో వీధికుక్కల సంగతి ముందుగా చెప్పాలి. మన వీధుల్లో తిరిగే కుక్కలకంటే అవి చాలా పెద్దవి. ఒత్తుగా బొచ్చు పెరిగి, గొర్రెల మందకు కాపలా కాసే జాతి పోలికలతో ఉండేవి వాటిలో ఎన్నో ఉంటాయి. నగరపాలక సంస్థ వాటిని పట్టుకొని, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి, రేబిస్ టీకా వేయించి, చెవికి రంగు ప్లాస్టిక్ బిళ్ల తగిలించి, పట్టుకున్నచోటే తిరిగి వదిలిపెడుతుంది. అక్కడి ప్రజలకు వాటి మీద మక్కువ ఎక్కువ. అపార్ట్‌మెంట్ల ముందు వాటికి తిండి పెడతారు. బటూమి నగరంలో బడిపిల్లలను రోడ్డు దాటించే వీధికుక్క వీడియోను మీలో చాలామంది చూసే ఉంటారు. మా అమ్మాయి కూడా వెళ్లిన కొత్తలో ఆ వీడియోను మాకు పంపి మురిసిపోయింది. పగటిపూట మెట్రో స్టేషన్ల ముందు బద్ధకంగా పడుకొని ఉండే ఆ కుక్కలే, చీకటి పడ్డాక చెత్త డబ్బాల దగ్గర గుంపు కడితే పరిస్థితి వేరుగా ఉంటుంది.

సబుర్తాలో ప్రాంతంలో, వరుసగా ఉన్న పాత అపార్ట్‌మెంట్ల వెనుక దారిలో, లైబ్రరీ నుంచి గదికి వస్తుండగా నాలుగు కుక్కలు ఆమెను చుట్టుముట్టాయి. ఆమె పరుగెత్తలేదు. ఆగి ఉన్న ఒక కారుకు వీపు ఆనించి, పుస్తకాల సంచిని అడ్డం పెట్టుకొని నిలబడింది. ఒక కుక్క సంచిని పట్టి లాగుతుండగా, పక్కనుంచి వచ్చిన మరొకటి జీన్స్ ప్యాంటు మీదుగానే పిక్క పట్టుకుంది. ఆ సందు చివర ఒక రొట్టెల బట్టీ ఉంది. నేలలో పాతిన మట్టి పొయ్యి లోపలి గోడకు పిండిని అతికించి కాల్చి, పొడవాటి ఇనుప కొక్కెంతో రొట్టెలను పైకి తీస్తారు. ఆ బట్టీ నడిపే ముసలావిడ అరుపులు విని, చేతిలో ఉన్న ఆ కొక్కెంతోనే పరుగెత్తుకొచ్చింది. కొట్టవలసిన అవసరం రాలేదు. రోజూ మిగిలిన రొట్టె ముక్కలు వేసే ఆ మనిషి గొంతు వినగానే కుక్కలు వెనక్కి తగ్గాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు, మా అమ్మాయికి జార్జియన్ అంతంతమాత్రమే. ఆమె అమ్మాయిని బట్టీలో కూర్చోబెట్టి, ఫోను వైపు చూపించి, మీవాళ్లను పిలువు అని సైగ చేసింది. వాళ్లు వచ్చేవరకు చెయ్యి వదలలేదు. ఆ తల్లికి నేను ముందుగా చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

వచ్చింది మంచిర్యాల అమ్మాయి. చివరి సంవత్సరం చదువుతోంది. మా అమ్మాయి ఉండే భవనంలోనే పై అంతస్తులో ఉంటుంది. పిక్క మీద కోరలు దిగిన గుర్తులు రెండు, పొడవుగా గీరుకుపోయిన గాయం ఒకటి ఉన్నాయి. రక్తం కొద్దిగానే వచ్చింది. చూసేవారికి చిన్న గాయమే అనిపిస్తుంది. మా అమ్మాయి కూడా, దవాఖానకు పొద్దున వెళ్దామని అన్నదట. ఆ బిడ్డ ఒప్పుకోలేదు. ఇంటికి తీసుకువెళ్లి, కాలిని నల్లా కింద పెట్టించి, ఫోనులో 15 నిమిషాలకు అలారం పెట్టి, అది మోగేవరకు సబ్బుతో గాయాన్ని కడుగుతూనే ఉంది. ఆ చలిలో ఆ నీళ్లకు కాలు కొంకర్లు పోతున్నా మధ్యలో ఆపనివ్వలేదు. తరువాత గాయానికి అయోడిన్ మందు పూసింది. గట్టిగా కట్టు కట్టలేదు. రేబిస్ క్రిమి గాయంలోకి చేరినా, నరాలలోకి ఎక్కకముందే ధారగా పోసే నీళ్లు, సబ్బు దానిని చాలావరకు కడిగివేస్తాయని, కుక్కకాటుకు ఇదే మొదటి చికిత్స అని ఆమెకు తెలుసు. తెలిసిన విషయాన్ని కంగారులో కూడా మరిచిపోకుండా చేయడమే గొప్ప సంగతి.

అక్కడికంటే మన గడియారం గంటన్నర ముందు. మేము భోజనాలు ముగించే వేళకు ఫోను వచ్చింది. “బాపూ, భయపడకు. నేను మంచిగనే ఉన్న. ముందుగాల మొత్తం విను” అని మా అమ్మాయి మొదలుపెట్టింది. కుక్క కరిచింది అన్నంతవరకే మా ఇంట్లో అందరూ విన్నారు. 2023 మే నెలలో మన కాజీపేటలో వలస కుటుంబానికి చెందిన ఒక చిన్నారి వీధికుక్కల దాడిలో ప్రాణం కోల్పోయిన ఘటన మా ఇంట్లోవాళ్లకు ఇంకా కళ్లముందే ఉంది. నా భార్య ఫోను పట్టుకొని ఏడవడం మొదలుపెట్టింది. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారని మా అమ్మ బెంగపడింది. పరామర్శకు వచ్చినవారిలో ఒకరు కారం అద్దమని, మరొకరు పలానా ఊళ్లో పసరు మందు పోస్తారు, పార్శిలు పంపమని సలహా ఇచ్చారు. వారందరిదీ ప్రేమేనని నాకు తెలుసు. కానీ కారం, సున్నం, పసరు వంటివి గాయాన్ని మరింత రేపుతాయి, విలువైన సమయాన్ని తినేస్తాయి.

మా కాలనీలోనే ఉండే రిటైర్డు డాక్టరుగారు ఆ రాత్రి చేసిన సాయం మరువలేనిది. నేను తలుపు తట్టగానే చలికోటు వేసుకొని మా ఇంటికి వచ్చారు. వీడియో కాల్‌లో గాయాన్ని చూశారు. చర్మం చీల్చుకొని పళ్లు దిగిన గాయం మూడో తరగతి, అంటే అన్నిటికంటే తీవ్రమైన తరగతి కిందికి వస్తుందని, దానికి టీకా ఒక్కటే చాలదని, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా గాయంలోకి ఎక్కించాలని మంచిర్యాల అమ్మాయితో మాట్లాడి నిర్ధారించుకున్నారు. టీకా పడ్డాక శరీరం తనంతట తాను రక్షణను తయారుచేసుకోవడానికి వారం పది రోజులు పడుతుందని, ఆలోగా కాపాడేది ఇమ్యునోగ్లోబ్యులినేనని మాకు అర్థమయ్యేలా చెప్పారు. మా అమ్మ పక్కన కూర్చొని, బొడ్డు సూదుల కాలం పోయిందని, గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004 డిసెంబరుతోనే ఆపేశారని, ఇప్పుడు వేసేవి చేతికి వేసే మామూలు టీకాలేనని ఓపికగా నచ్చజెప్పారు. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యమనే మాటను కూడా ఆయన దాచలేదు. లక్షణాలు రావడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుందని, ఆ వ్యవధిలోనే టీకా తన పని పూర్తిచేస్తుందని ఆ వెంటనే చెప్పారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ కుదుటపడి కాసేపైనా పడుకున్నారంటే అది ఆయన చలవే.

అక్కడ మొదట వెళ్లిన క్లినిక్‌లో తొలి టీకా వేశారు కానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ లేదన్నారు. కుక్క చెవికి బిళ్ల ఉంటే దాని అవసరం ఉండదని కూడా అన్నారట. మంచిర్యాల అమ్మాయి ఆ మాటతో తృప్తిపడలేదు. ఆ బిళ్ల ఉన్న కుక్కకు ఎప్పుడో ఒకసారి టీకా పడిందని మాత్రమే తెలుస్తుంది. ఆ తరువాత ఏటా వేయవలసినవి పడ్డాయో లేదో తెలియదు. పైగా ఆ చీకట్లో కరిచింది బిళ్ల ఉన్న కుక్కో లేనిదో మా అమ్మాయి చూడనేలేదు. అప్పుడు రంగంలోకి దిగింది జగిత్యాల అబ్బాయి. ఆసుపత్రి వార్డుల్లో రోగులతో మాట్లాడి మాట్లాడి జార్జియన్ ధారాళంగా నేర్చుకున్నాడు. పొద్దున్నే ఆసుపత్రులకు వరుసగా ఫోన్లు చేసి, మందు ఉన్న చోటును కనిపెట్టి, తన క్లాసు మానుకొని వెంట వెళ్లాడు. తొలి టీకా పడిన 7 రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వవచ్చునని మా డాక్టరుగారు చెప్పి ఉన్నారు కనుక మేము ఆందోళన పడలేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా అది పూర్తయింది. గాయం చుట్టూ, గాయం లోపల సూదితో మందు ఎక్కిస్తుంటే నొప్పి బాగా తెలిసిందని మా అమ్మాయి చెప్పింది. ఆ ఆసుపత్రిలోని వైద్యురాలు ప్రతి మందు పేరు, తేదీ, మోతాదు ఇంగ్లీషులో రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆ కాగితం విలువ మాకు తరువాత తెలిసింది.

బట్టీ ముసలావిడ చేసిన మరో పనిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. కరిచిన కుక్క 10 రోజుల పాటు ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని చొంగలో రేబిస్ లేనట్లే లెక్క. జగిత్యాల అబ్బాయి ఈ సంగతి వివరించగానే, ఆ నాలుగింటినీ తాను కనిపెట్టి చూస్తానని ఆమె మాట ఇచ్చింది. రోజూ సాయంత్రం రొట్టె వేసినప్పుడు మనవడి చేత ఫోటోలు తీయించి పంపేది. మంచు మీద నిలబడి తింటున్న ఆ కుక్కల ఫోటోలు హనుమకొండలో మా ఫోనుకు కూడా వచ్చేవి. మూడు కుక్కలు చివరిదాకా బాగానే కనిపించాయి. బిళ్ల లేని నాలుగోది మాత్రం రెండు మూడు రోజుల తరువాత మళ్లీ ఆ సందులోకి రాలేదు. అందుకే టీకాలు మధ్యలో ఆపకుండా పూర్తిచేయాలని అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఎవరి బిడ్డో తెలియని మా బిడ్డ కోసం, ఎక్కడో ఉన్న ఒక అవ్వ అన్ని సాయంత్రాలు కుక్కలను లెక్కపెట్టడం నాకు చాలా గొప్ప విషయంగా తోస్తున్నది. ఆమె ద్వారానే నగరపాలక సంస్థకు సమాచారం వెళ్లింది. బిళ్ల లేని కుక్కలను వెదకడానికి వాళ్లు వచ్చారని తెలిసింది.

కండకు వేసే పద్ధతిలో అయితే టీకాలు తొలి రోజు, ఆ తరువాత 3, 7, 14, 28 రోజులకు పడాలి. చివరిదానికి సెమిస్టరు సెలవులు వచ్చి, అమ్మాయి ఇంటికి చేరింది. అక్కడ మొదలైన కోర్సు ఇక్కడ ఎలా ముగించాలన్నది మా ప్రశ్న. ఎంజీఎం ఆసుపత్రి కుక్కకాటు విభాగంలోని డాక్టరు, నర్సమ్మ ఆ ఇంగ్లీషు కాగితాన్ని వరుసగా చదివి, తేదీలు లెక్కగట్టి చూసుకున్నారు. టీకా కంపెనీ మారినా, కండకు బదులు చర్మం పొరల్లోకి వేయవలసి వచ్చినా కోర్సును మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం లేదని చెప్పారు. ఊళ్ల నుంచి వచ్చిన కుక్కకాటు బాధితులతో అంత రద్దీగా ఉన్నా, మమ్మల్ని విసుక్కోకుండా, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చిన ఆ సిబ్బందికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఎంజీఎం డాక్టరు చెప్పిన ఒక సంగతి విదేశాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు పనికివస్తుంది. వీధికుక్కలు ఎక్కువగా ఉండే దేశానికి వెళ్లేవారు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవచ్చు. అలా వేయించుకున్నవారిని ఒకవేళ కుక్క కరిస్తే గాయం కడుక్కొని, తొలి రోజు ఒకటి, ఆ తరువాత 3 రోజులకు ఒకటి టీకా వేయించుకుంటే సరిపోతుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. ఊరుకాని ఊరిలో, భాష రాని చోట ఆ మందు కోసం తిరగవలసిన పని తప్పుతుంది. మా చిన్నవాడు వచ్చే ఏడాది చదువుకు బయటికి వెళ్తే, విమానం ఎక్కేముందే ఈ టీకా వేయిస్తాను. జార్జియాలో పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక సేవలన్నిటికీ 112 ఒక్కటే నంబరు. పిల్లల ఫోనులో అది ముందే ఉండాలి. దాడి చేసే కుక్క ఎదురైతే పరుగెత్తవద్దని, దాని కళ్లలోకి తేరిపార చూడవద్దని, సంచినో గొడుగునో అడ్డం పెట్టుకొని మెల్లగా వెనక్కి జరగాలని, కింద పడిపోతే ముడుచుకొని మెడను, ముఖాన్ని చేతులతో కప్పుకోవాలని అక్కడి సీనియర్లు ఇప్పుడు కొత్తగా వచ్చే మన పిల్లలకు మొదటి వారంలోనే చెబుతున్నారు. చీకటి పడ్డాక లైబ్రరీ నుంచి గుంపుగా రావడానికి తమలో తాము వంతులు కూడా వేసుకున్నారు. ఆ పిల్లల బాధ్యతకు నేను ఉపాధ్యాయుడిగా గర్వపడుతున్నాను.

మా అమ్మాయికి కుక్కల మీద కోపం లేదు. సెలవులు ముగియగానే అదే సందులోని గదికి తిరిగి వెళ్తుంది. వెళ్లేటప్పుడు బట్టీ అవ్వ కోసం మా ఆవిడ ఒక పోచంపల్లి శాలువా కొని పెట్టింది. ఆసుపత్రి ఖర్చులకు తాము చేతి నుంచి పెట్టిన డబ్బును మంచిర్యాల అమ్మాయి, జగిత్యాల అబ్బాయి ఎంత అడిగినా లెక్క చెప్పడం లేదు. అందుకే వచ్చే ఆదివారం మేము ముందు మంచిర్యాలకు, అక్కడి నుంచి జగిత్యాలకు వెళ్లి వారి తల్లిదండ్రులను స్వయంగా కలుసుకొని, వారి పిల్లలు మా బిడ్డకు చేసినదంతా వారి ముందు చెప్పి రావాలనుకుంటున్నాము. ఈ ఏడాది జార్జియాకు పిల్లలను పంపే వరంగల్, హనుమకొండ తల్లిదండ్రులు ఎవరైనా వివరాలు కావాలంటే నన్ను అడగవచ్చు. ఆ వైద్యురాలు రాసి ఇచ్చిన కాగితం నకలు నా దగ్గర ఉంది. ఏయే వివరాలు రాయించుకోవాలో దానిని చూస్తే తెలుస్తుంది.