మావాళ్ళు వచ్చారు, రాలేదంటున్నది మీ కంప్యూటరే

హబ్సిగూడ, హైదరాబాద్

కస్టమర్ కేర్ పెద్దలకు,

విషయం: మీ యాప్‌లో చేసిన రెండు హోటల్ గదుల బుకింగ్‌ను 'నో షో', అంటే గెస్టులు రాలేదు అని రాసి మా డబ్బు ఉంచేసుకోవడం గురించి.

నమస్కారం. బుకింగ్ నంబరు ఈమెయిల్ పైనే ఇచ్చాను. మీవాళ్ళు ఎవరు ఫోనెత్తినా ముందు అడిగేది అదే కాబట్టి నాకది కంఠతా వచ్చేసింది.

ఈ ఉత్తరం హోటల్ మీద ఫిర్యాదు కాదు. హోటల్ సంగతి నేను చూసుకోగలను, మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. నేను నడిచి వెళ్ళలేనిది మీ ఆఫీసుకే. అది ఎక్కడుందో మీ కాల్ సెంటర్‌లో ఒక్కరికీ తెలియదు, లేదా చెప్పకూడదు.

మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మా అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. మనవడి బారసాలకి కాకినాడ నుంచి మా వియ్యంకుడుగారు, వదినగారు, వియ్యంకుడిగారి అక్కయ్య వస్తున్నారు. బాలింత, పసిగుడ్డు ఉన్న ఇంట్లో ఇంతమంది సర్దుకోవడం కష్టమని బయట విడిది చూశాను. మావారు బంజారాహిల్స్‌లో ఏదైనా పెద్ద హోటల్ చూద్దామన్నారు. నేనే వద్దన్నాను. అక్కడ గానీ హైటెక్ సిటీలో గానీ ఒక్క రాత్రికి అడిగే డబ్బుతో మావైపు హాయిగా మూడు రాత్రులు ఉండొచ్చు. చార్మినార్, అబిడ్స్ చుట్టుపక్కల అంటే ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకి బాగుంటుంది. మనవణ్ణి చూడటానికి వచ్చినవాళ్ళకి ఆ ట్రాఫిక్‌లో పనేంటి?

హబ్సిగూడ అయితే సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మెట్టుగూడ, తార్నాక దాటగానే మాదే. 2017లో ఈ లైను తెరిచినప్పటి నుంచి మా చుట్టాలకి నేను ఇదే చెబుతున్నాను. వదినగారికి యాదగిరిగుట్ట మొక్కు ఉంది, ఆ బస్సు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గరే దొరుకుతుంది. ఇక్కడి హోటళ్ళకి టూరిస్టులు పెద్దగా రారు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి సైన్సు పరిశోధనా సంస్థల్లో పనిమీద వచ్చేవాళ్ళు, ఉస్మానియాలో పరీక్ష ఉండి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు దిగుతుంటారు. అందుకే రేటు నేలమీద ఉంటుంది. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ లేనంతకాలం.

ఫోటోలు చూసి మోసపోయానని అనడానికి మీకు వీల్లేదు. నేను స్వయంగా వెళ్ళి గది చూశాను. కుళాయి తిప్పి వేడినీళ్ళు ఎంతసేపటికి వస్తున్నాయో చూశాను. అక్కయ్యగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి కమోడ్ ఎలా ఉందో, లిఫ్ట్ పని చేస్తోందో లేదో చూశాను. కిటికీ మెయిన్ రోడ్డు వైపు లేని గదులు రెండు ఎంచుకున్నాను. గది ఒక్కింటికి రాత్రికి 1,800. అక్కడే కట్టేద్దామని మావారన్నారు. యాప్‌లో కడితే రసీదు ఉంటుంది, రేపు తేడా వస్తే అడగడానికి ఒక కంపెనీ ఉంటుంది అన్నాను నేను. ఆ మాట మావారు ఇప్పుడు పొద్దునా సాయంత్రం నాకు అప్పజెబుతున్నారు.

కాకినాడలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దిగుతారు. హోటల్ చెక్ ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి. రాత్రంతా రైల్లో వచ్చిన పెద్దవాళ్ళు అప్పటిదాకా సోఫాలో కూర్చోలేరు కదా అని, ఎవరూ పడుకోని ముందు రాత్రికి కూడా డబ్బు కట్టాను. రెండు గదులు, మూడు రాత్రులు, పన్నుతో కలిపి 11,340. దానిమీద మీ కన్వీనియన్స్ ఫీజు వేరే. ఎవరి కన్వీనియన్సో ఇప్పుడు తెలిసింది. 'గెస్టులు తెల్లవారుజామున వస్తారు' అని యాప్‌లో అందుకు ఇచ్చిన గడిలోనే రాశాను. ముందురోజు సాయంత్రం హోటల్‌కి ఫోన్ కూడా చేశాను. "వచ్చేయండి మేడమ్, రూములు రెడీ" అన్నారు.

పొద్దున ఆరున్నరకి వియ్యంకుల్ని తీసుకుని వెళితే, రిసెప్షన్ అబ్బాయి కంప్యూటర్ వైపు చూసి బుకింగ్ లేదన్నాడు. అర్ధరాత్రి దాకా రాలేదు కాబట్టి 'నో షో' అయిపోయిందట. అతని వెనక గోడమీద రేట్ల బోర్డు ఉంది. అందులో 1,800 మీద తెల్లకాగితం ముక్క అంటించి స్కెచ్ పెన్నుతో 5,500 అని రాశారు. కాగితం కింద పాత అంకె ఇంకా కనిపిస్తూనే ఉంది. లిఫ్ట్ దగ్గర నారింజ రంగు జెర్సీలు వేసుకున్న కుర్రాళ్ళు సామాన్లతో నిలబడి ఉన్నారు. సాయంత్రం మ్యాచ్. ఇక నాకు ఎవరూ వివరంగా చెప్పనక్కర్లేదు. గట్టిగా అడిగితే, "మీ ఆధార్ లోకల్ది మేడమ్, లోకల్ ఐడీకి మేం రూమ్ ఇవ్వం" అని కొత్త కారణం తీశాడు. ఉండేది నేను కాదు బాబూ, వీళ్ళు, వీళ్ళ ఆధార్ కాకినాడది అంటే, "కావాలంటే 5,500కి ఇస్తాం" అన్నాడు. అంటే 5,500 ఇస్తే ఐడీ సమస్య తీరిపోతుందన్నమాట.

అప్పుడు మీకు ఫోన్ చేశాను. అసలు కథ ఇక్కడ మొదలైంది.

'తెలుగు కోసం 4 నొక్కండి' అంటే నొక్కాను. హిందీలో ఎత్తారు. నాకొచ్చిన హిందీతోనే చెప్పుకున్నాను. ఆయన చాలా మర్యాదస్థుడు. నేను ప్రతి వాక్యం ముగించగానే, నా బాధ ఆయనకు పూర్తిగా అర్థమైందన్నాడు. అర్థమైంది సరే, ఏం చేస్తారు అంటే, హోటల్‌తో మాట్లాడి చెబుతా, లైన్లో ఉండండి అన్నాడు. పాట మొదలైంది. నా ఎదురుగా, రిసెప్షన్ బల్లమీద ల్యాండ్‌లైన్ మోగింది. ఆ అబ్బాయి దానివైపు చూశాడు, నావైపు చూశాడు, మళ్ళీ రిజిస్టర్‌లో తలదూర్చాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. పాట ఆగి మీ ఉద్యోగి లైన్లోకి వచ్చాడు: "సారీ మేడమ్, హోటల్ వాళ్ళు స్పందించడం లేదు."

నేను అతని ముందే నిలబడి ఉన్నాను, ఫోన్ అతని చేతికిస్తాను, మాట్లాడండి అన్నాను. అలా మాట్లాడటం వాళ్ళ ప్రాసెస్‌లో లేదట. వాళ్ళ సిస్టమ్‌లో ఉన్న నంబరుకే చేయాలట. మళ్ళీ చేశారు. మళ్ళీ నా ఎదురుగా మోగింది. మా వియ్యంకుడుగారు సోఫాలో కూర్చుని, ఒళ్ళో కాజాల డబ్బా పెట్టుకుని, ఈ తతంగమంతా చూస్తున్నారు. వదినగారు బారసాలకి తెచ్చిన వెండి గిన్నె ఉన్న సంచీని గుండెకి అదుముకుని నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి అందరం మా ఇంటికే వచ్చాం. వియ్యంకుడుగారు హాల్లో దివాన్ కాట్ మీద పడుకున్నారు. మావారూ నేనూ ఎక్కడ పడుకున్నామన్నది మీకు అనవసరం. "పోన్లెండి వదినగారూ, మనవడి పక్కనే ఉన్నాం కదా" అన్నారు వదినగారు. మనస్ఫూర్తిగానే అన్నారు, అందుకే నాకు మరీ కష్టమనిపించింది. విసుక్కున్నా బాగుండేది.

తర్వాత మీ చాట్‌లోకి వెళ్ళాను. అక్కడ ఒక నవ్వుమొహం బొమ్మ ఉంటుంది. అది 'తేదీ మార్పు', 'రద్దు', 'ఇతర విషయాలు' అని మూడు బటన్లు చూపిస్తుంది. ఇతర విషయాలు నొక్కితే మళ్ళీ ఆ మూడే చూపిస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే గానీ, చెవిటివాడు కనీసం మధ్యమధ్య నవ్వుమొహం పెట్టడు. అదృష్టం బాగుండి ఒక మనిషి దొరికితే, కథ మొదటి నుంచి చెప్పమంటుంది. చెబితే, ఈ విషయం వేరే టీమ్ చూస్తుందంటుంది. వేరే టీమ్ కథ మొదటి నుంచి చెప్పమంటుంది. మా మనవడికి పెద్దయ్యాక చెప్పాల్సిన కథలన్నీ పక్కన పెట్టి ఈ ఒక్కటే బాగా సాధన చేశాను.

ఒక సూపర్‌వైజర్‌గారు మాత్రం మనసు విప్పి మాట్లాడారు. హోటల్ వాళ్ళు ఒప్పుకుంటేనే రీఫండ్ ఇస్తారట. హోటల్ వాళ్ళు నో షో అన్నారు కాబట్టి నో షోయే. మేం వచ్చామనడానికి సాక్ష్యం కావాలంటే, మాకు గది ఇవ్వలేదని హోటల్ నుంచే ఉత్తరం తెమ్మన్నారు. దొంగ చేత దొంగతనం సర్టిఫికెట్ రాయించుకు రమ్మని చెప్పిన మొదటి మనిషి ఆయనే. అయినా నేను వదల్లేదు. రైలు టికెట్టు పంపాను. రిసెప్షన్ సోఫాలో వియ్యంకులు సూట్‌కేసులతో కూర్చున్న ఫోటో పంపాను. ఫోటోలో తేదీ స్పష్టంగా లేదని జవాబిచ్చారు. కాగితం అంటించిన రేట్ల బోర్డు ఫోటో కూడా పంపాను. దాని గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు.

మర్నాడు, 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్. ఎవరి సమస్య? మీ సమస్యేమో. దాంతోపాటు కూపన్ ఒకటి పంపారు, 200 రూపాయలది. 3,000 దాటిన బుకింగ్‌కే చెల్లుతుంది, నెలాఖరుకి గడువు తీరిపోతుంది. మీ ఉదారత చూసి మావారు చాలాసేపు నవ్వారు. ఇంట్లో ఆ వారంలో ఎవరైనా నవ్వింది అప్పుడే.

తిరుపతి వెళ్ళినా, కాశీ వెళ్ళినా, మా అబ్బాయి దగ్గరికి బెంగళూరు వెళ్ళి వాళ్ళింట్లో చోటు లేక బయట దిగినా, మీ యాప్‌లోనే బుక్ చేశాను. మా కాలనీలో సగం మందికి ఈ యాప్ వేయించింది నేనే. నా పేరు పక్కన మీరు బంగారు రంగు కిరీటం బొమ్మ పెట్టారు. ఏదో ప్రత్యేక సేవ ఉంటుందని రాశారు దాని కింద. ఆ ప్రత్యేక సేవ ఇదేనా? కిరీటం లేనివాళ్ళకి ఇంకేం చేస్తున్నారో పాపం.

డబ్బు తిరిగివ్వండి, అది ఎలాగూ ఇవ్వాలి. దానికంటే ముందు మీ రికార్డులో ఆ 'రాలేదు' అన్న మాట తీసేయండి. వాళ్ళు వచ్చారు. అంత దూరం నుంచి, రాత్రంతా కూర్చుని, మోకాళ్ళ నొప్పులతో వచ్చారు. వచ్చారని రాసి, గది ఇవ్వనందుకు క్షమించమని మా వియ్యంకుల పేరు మీద కాకినాడకి ఒక ఉత్తరం వేయండి. ఈమెయిల్ కాదు, కాగితం. ఆయన ఈమెయిల్ చూడరు. ఇది మీ ప్రాసెస్‌లో లేదని తెలుసు. ప్రాసెస్‌లో పెట్టుకోండి.

మీ వెబ్‌సైట్ అట్టడుగున, కళ్ళజోడు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ ఒకటి ఉంది. ఈ ఉత్తరం ఆయనకే పంపుతున్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో ఆయన నాకు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. 'మీ అభిప్రాయం మాకు ముఖ్యం' అని యంత్రం పంపే మెసేజ్‌ని నేను జవాబుగా లెక్కవేయను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా మీరు ఇలాగే ఆడితే మా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తానుండే చోటే కేసు వేసుకోవచ్చు, మీ హెడ్ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో వెతుక్కోనక్కర్లేదు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే కేసుకి ఫీజు కూడా లేదు. వాయిదాకి మీవాళ్ళు విమానంలో రావాలి, నేను మెట్రోలో వెళతాను. నేను రిటైరై ఇంట్లో ఉన్నదాన్ని, ఓపిక కావలసినంత ఉంది. డబ్బుతోనే సరిపెట్టుకుంటానని కూడా అనుకోవద్దు. ఆ రోజు మా ఇంట్లో పడిన టెన్షన్‌కి ఎంత అడగాలో మా తమ్ముణ్ణి కనుక్కుంటున్నాను, వాడు లాయరు.

జవాబు రాతలో పంపండి. తెలుగులో పంపండి. 4 నొక్కాను కదా.

ఇట్లు,
కిరీటం ఉన్న మీ కస్టమరు

తా.క.: ఈ ఉత్తరం పంపబోతుంటే మీ యాప్ నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. 'హబ్సిగూడలో మీ బస ఎలా ఉంది? గది శుభ్రతకి ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని. రాలేదని మీరే రాసినవాళ్ళని గది శుభ్రంగా ఉందా అని మీరే అడుగుతున్నారు. స్క్రీన్‌షాట్ తీసి ఈ ఈమెయిల్‌కి జత చేశాను. ఇందులో తేదీ స్పష్టంగానే ఉంది.