నడక మానకండి, మనసును పట్టించుకోండి

సభ్యులందరికీ నమస్కారం. ఎండలు ముదిరేసరికి మన విజయవాడలో పెద్దవాళ్లు నడక మానేస్తారు, మళ్లీ వానలు పడితే గానీ మొదలుపెట్టరు. ఆ మధ్యలో కాళ్ల బలం తగ్గిపోతుంది. దయచేసి అలా చేయకండి. ఎండెక్కకముందే రాఘవయ్య పార్కుకు వెళ్లండి, కుదరకపోతే వరండాలోనైనా నడవండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 దాటినవారు వారంలో 3 రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయాలి. గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం అలాంటిదే. తుంటి ఎముక విరిగి మంచం పడితే మనిషి ఎంత కుంగిపోతారో మనలో చాలామంది చూశాం.

ఆవకాయ మానమని చెప్పను గానీ, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి.

ఇక మనసు. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు, హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లలు, కొత్తగా కాన్పయిన అమ్మాయిలు ఎవరైనా సరే, దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే బద్ధకమనో దిష్టి అనో కొట్టిపారేయకండి. మనసు బాధలకు ఫోనులో సలహా ఇచ్చే టెలి మానస్ సేవను 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది, దాని నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయడానికి బెరుకుగా ఉంటే నాకు చెప్పండి, వచ్చి పక్కన కూర్చుంటాను.